చిన్న ప్లాంటర్‌కు ఎరువు డబ్బా బిగించడం ఎలా?

మినీ ట్రాక్టర్‌కు తగిలించే రెండు సాళ్ల మొక్కజొన్న ప్లాంటర్ మీ దగ్గర ఉంది. గింజ బాగానే వేస్తోంది గానీ దానికి ఎరువు డబ్బా లేదు. అందుకని విత్తే ముందు డీఏపీని చేత్తో చల్లుతున్నారు. చల్లిన ఎరువులోని భాస్వరం పడ్డచోటు నుంచి దాదాపుగా కదలదు. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి, నల్లరేగడిలో సున్నం ఆ పని చేస్తుంది. చేనంతా చల్లిన కొద్దీ మట్టితో ఎక్కువగా కలిసి తొందరగా బిగుసుకుపోతుంది. అదే ఎరువును గింజ పక్కన సన్నని వరుసగా దించితే లేత వేరుకు అందుతుంది, సాళ్ల మధ్య కలుపుకు మేత దొరకదు. అందుకే ఈ బిగింపు నేర్చుకుందాం.

ఒక మాట ముందే చెబుతాను. చాలామంది డబ్బా కొనుక్కొచ్చి, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తారు. మనం కింది నుంచి పైకి వెళదాం. ఎరువు మట్టిలో ఎక్కడ పడాలో మొదట తేల్చుకుని కర్రు బిగిస్తాం, తర్వాత గొట్టం, చివర డబ్బా. కర్రు సరైన చోట ఉంటే డబ్బా ఎలాంటిదైనా పంట బాగుంటుంది. కర్రు తప్పితే ఎంత ఖరీదైన డబ్బా అయినా మొలకను కాపాడలేదు.

మన గురి ఇది: ఎరువు గింజకు 5 సెంటీమీటర్లు పక్కగా, 5 సెంటీమీటర్లు కిందుగా పడాలి. గింజను ఆనుకుని పడితే కరిగిన ఎరువు ఉప్పు తేమను లాగేస్తుంది, డీఏపీ నుంచి వచ్చే అమ్మోనియా మొలకను మాడ్చేస్తుంది. యూరియాతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ డబ్బాలో యూరియా పోయం, దాన్ని పైపాటుగానే వేసుకుందాం.

కావలసినవి

- 25 కిలోల ఎరువు పట్టే డబ్బా, మూతతో. ప్లాస్టిక్‌ది గానీ స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ తీసుకోండి. మామూలు ఇనుప రేకును ఎరువు త్వరగా తినేస్తుంది.
- డబ్బా అడుగున సాలుకొకటి చొప్పున రెండు గాడుల రోలర్లు, వాటిని తిప్పే షాఫ్టు, బేరింగులు. రోలర్లు ప్లాస్టిక్‌వే మేలు. ఇత్తడివి వద్దు, అమ్మోనియాకు పగుళ్లిస్తాయి.
- చైను, రెండు మూడు సైజుల పళ్లచక్రాలు.
- లోపల ఎరువు జారడం కనిపించే పీవీసీ గొట్టం, రెండు సాళ్లకు సరిపడా, బిగింపు క్లిప్పులతో.
- రెండు సన్నటి ఎరువు కర్రులు, వెనక గొట్టం దిగే బూటుతో.
- ముందు అడ్డకడ్డీకి చదరపు ఇనుప పైపు, యూ బోల్టులు.
- టేపు, సుద్దముక్క, రెండు ప్లాస్టిక్ సంచులు, గ్రాములు చూపించే త్రాసు.

చేసే విధానం

1. ప్లాంటర్‌ను చదునైన నేల మీద దించి, ఇంజన్ ఆపి తాళం తీసేయండి. లిఫ్టు మీద లేపి ఉంచిన యంత్రం కింద చేయి పెట్టొద్దు. పైకెత్తే ఉంచాల్సి వస్తే కింద గట్టి దిమ్మెలు పెట్టాకే పని మొదలుపెడదాం.

2. గింజ కర్రు మొన నేలలోకి ఎంత దిగుతోందో కొలవండి. మొక్కజొన్నకు 4, 5 సెంటీమీటర్ల లోతు చాలు. ఆ లెక్కన ఎరువు కర్రు 9, 10 సెంటీమీటర్లు దిగాలి.

3. ఫ్రేము ముందు భాగంలో అడ్డకడ్డీని యూ బోల్టులతో బిగించండి. వెల్డింగు చేసేయాలని తొందరగా ఉంటుంది, ఆగండి. రేపు 60 సెంటీమీటర్ల సాలు నుంచి 45కు మారాల్సి వస్తే బోల్టు వదులు చేసి జరుపుకోవచ్చు. ఎరువు కర్రుకు, గింజ కర్రుకు ముందువెనకల మధ్య 25, 30 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకు తగ్గితే పాత పంట మోళ్లు, గడ్డి రెంటి మధ్యా ఇరుక్కుంటాయి.

4. ఎరువు కర్రును గింజ సాలుకు 5 సెంటీమీటర్లు పక్కకు జరిపి, మొన 5 సెంటీమీటర్లు కిందికి ఉండేలా బిగించండి. కర్రు సన్నగా ఉండడం ముఖ్యం. వెడల్పు కర్రు తీసిన సాలు విశాలమై, వెనకాల వచ్చే గింజ జారి అందులోనే పడుతుంది. పక్కకు జరిపిన ఫలితమంతా అక్కడ పోతుంది.

5. డబ్బా లేకుండానే ఒకసారి చేలో పది అడుగులు తోలండి. రెండు సాళ్లూ విడివిడిగా కనిపించాలి. ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే ఎరువు కర్రును మరో సెంటీమీటరు జరిపి మళ్లీ చూద్దాం. ఇది కుదిరేదాకా ముందుకు వెళ్లొద్దు.

6. ఇప్పుడు డబ్బా. గొట్టాలు దాదాపు నిట్టనిలువుగా దిగేంత ఎత్తులో, ఎరువు కర్రుల పైన వచ్చేలా పెట్టండి. వెనక్కి మరీ వేలాడేలా పెడితే ఆ బరువుకు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికవుతాయి. గొట్టాన్ని కొలిచి కోయండి. పొడవైతే మధ్యలో వంగి ఉయ్యాలలా వేలాడుతుంది, గుళికలు ఆ వంపులో ఆగిపోతాయి. అలాగని బిగుతుగా కోస్తే, కర్రు కదిలినప్పుడు గొట్టం ఊడిపోతుంది.

7. నేల చక్రం ఇరుసు నుంచి డబ్బా షాఫ్టుకు చైను కలపండి. రెండు పళ్లచక్రాలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో దారం పట్టి చూడండి. వంకరగా ఉంటే చైను చేను మధ్యలో జారిపోతుంది. చైనుకు రేకు కవచం తప్పకుండా వేయండి, పంచె కొంగు చిక్కడానికి క్షణం చాలు.

ఎరువు లెక్క కట్టడం

ఇక్కడ నిదానంగా కూర్చుందాం. జడ్డిగంలో గింజ వదిలే చేయి ఎంత సమంగా ఆడితే మొలక అంత సమంగా వస్తుందని గొర్రుతో విత్తిన పెద్దలకు తెలుసు. ఇక్కడ ఆ చేయి పని రోలర్ చేస్తుంది, దానికి కొలత మనం నేర్పాలి.

1. నేల చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టి, విత్తబోయే చేలోనే ప్లాంటర్‌ను దించి నడిపించండి. 20 చుట్లకు ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలవండి. రోడ్డు మీద కొలిస్తే లెక్క తప్పుతుంది, దుక్కిలో చక్రం కొంత జారుతుంది.

2. ఆ దూరం 30 మీటర్లు అనుకుందాం. రెండు సాళ్ల వెడల్పు 1.2 మీటర్లు. గుణిస్తే 36 చదరపు మీటర్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఎకరానికి 50 కిలోల డీఏపీ వేయాలంటే ఈ 36 చదరపు మీటర్లలో సుమారు 445 గ్రాములు పడాలి, అంటే గొట్టానికి 222 గ్రాములు. మీ మోతాదు భూసార పరీక్షను బట్టి వేరే ఉంటే 50 స్థానంలో ఆ సంఖ్య పెట్టండి. ఒక బస్తా డీఏపీలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. యూరియా లెక్కలో ఆ 9 తగ్గించుకోవడం మరిచిపోవద్దు.

3. ప్లాంటర్‌ను ఎత్తి దిమ్మెల మీద నిలిపి, గొట్టాలను బూట్ల నుంచి తీసి చివరలకు సంచులు కట్టండి. డబ్బా సగం నింపి, గాడులు నిండడానికి చక్రాన్ని కొన్ని చుట్లు తిప్పి, పడ్డది పారబోయండి. ఆ తర్వాత సరిగ్గా 20 చుట్లు తిప్పి, రెండు సంచులనూ విడివిడిగా తూచండి.

4. ఎక్కువ పడితే రోలర్‌ను లోపలికి జరిపి గాడులు తక్కువ తెరుచుకునేలా చేయండి. తేడా బాగా ఎక్కువైతే పళ్లచక్రం మార్చాలి. డబ్బా షాఫ్టు మీద 14 పళ్లది తీసి 28 పళ్లది వేస్తే సగమే పడుతుంది. రెండు సంచుల మధ్య పది గ్రాములకు మించి తేడా ఉంటే ఏదో ఒక రోలర్ దగ్గర చెత్తో గడ్డో ఉంది, వెతకండి.

5. చివరగా చేలో కొద్ది దూరం విత్తి, సాలుకు అడ్డంగా పారతో నిలువు కోత కోయండి. గింజా, డీఏపీ గుళికలూ రెండూ కనిపిస్తాయి. మధ్య దూరం స్కేలుతో కొలవండి. మూడు నాలుగు చోట్ల చూశాకే మిగతా చేను విత్తుదాం.

సాధారణంగా జరిగే పొరపాట్లు

కర్రులు నేలలో ఉండగానే ట్రాక్టర్‌ను వెనక్కి తోలడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బూట్లలోకి మట్టి కూరుకుపోతుంది, పైన రోలర్లు తిరుగుతూనే ఉంటాయి, కింద ఎరువు పడదు. మలుపులో ముందు ఎత్తండి, తర్వాత తిప్పండి. తిరిగి దించాక గొట్టంలో గుళికలు జారుతున్నాయో లేదో ఒక కన్ను వేయండి.

సూపర్ ఫాస్ఫేట్ పొడి రకం రోలర్లలో జారదు, గుళికల రకమే పోయండి. ఏ ఎరువైనా జల్లెడ మీదుగా పోస్తే గడ్డలు పైనే ఆగిపోతాయి.

పదును తక్కువగా ఉన్న నేలలో, ముఖ్యంగా తేలిక నేలల్లో, ఎరువు గింజకు మరీ దగ్గరవకుండా రెట్టింపు జాగ్రత్త పడండి. కరిగిన ఉప్పును పలచన చేసే తేమ అక్కడ ఉండదు.

సాయంత్రం డబ్బాలో ఎరువు వదిలేసి ఇంటికి వెళ్లొద్దు. రాత్రి తేమకు డీఏపీ ముద్దకట్టి రోలర్లను పట్టేస్తుంది. ఖాళీ చేసి, రోలర్లను తుడిచి, మూత వేయండి. విత్తనాలయ్యాక నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, చైనుకు, బేరింగులకు నూనె పట్టించండి. గొట్టాలు విప్పి ఎలుకలకు అందని చోట వేలాడదీయండి. ఏ ఎరువుకు రోలర్ ఎక్కడ ఉంచామో, ఏ పళ్లచక్రం వేశామో డబ్బా మూత లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టుకుంటే వచ్చే సీజన్‌లో తూకం ఒక్కసారి సరిచూసుకుంటే చాలు.