కానుగ నాటే ముందు కళ్లం చూడండి

చిలకలూరిపేట చుట్టుపక్కల మిల్లులకు, బడులకు, లేఅవుట్లకు మొక్కలు నాటే కాంట్రాక్టు పట్టాలనుకునేవాళ్లకు ఈ మాటలు. కడియం నుంచి వ్యాను నిండా పూలమొక్కలు తెచ్చి దింపేస్తే బిల్లు వస్తుంది. రెండో ఏడు పిలుపు మాత్రం రాదు. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ రెంటినీ ఓర్చుకునే చెట్లలో నా ఓటు కానుగకే.

అయితే కానుగ ఆకు రాల్చే చెట్టు. ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో రాల్చి, కొద్ది వారాల్లోనే చిగురిస్తుంది. ఏప్రిల్ ఎండలకు నీడ సిద్ధంగా ఉంటుంది. చిక్కల్లా ఆ రాలే నెలలతోనే. జిన్నింగు మిల్లులో అప్పటికింకా పత్తి కుప్పలుంటాయి, కళ్లాల్లో మిరప ఆరుతుంటుంది. పత్తిలో ఆకుచెత్త కలిస్తే ధర పడిపోతుంది. కాబట్టి పత్తి దింపే చోట కానుగ వద్దు. లారీలు వరసకట్టే కాటా దగ్గర, బండ్లు నిలిపే చోట పెట్టండి. మిరప కళ్లానికైతే ఉత్తరం వైపు, కాస్త ఎడంగా నాటండి. ఆ రోజుల్లో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుంది కనుక కాయ మీదికి రాదు. తూర్పు, పడమరల్లో నాటితే పొద్దున, సాయంత్రం ఎండ పోయినట్టే.

వేసవిలోనే రెండడుగుల గుంత తీసి ఎండనివ్వండి. వానలు కుదురుకున్నాక పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి నాటండి. మొదట్లో నీరు నిలవకుండా మొదలు కాస్త ఎత్తు చేయాలి. సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకున్న మొక్కను ఎంత చవకైనా తీసుకోవద్దు. గోడకు పదిహేనడుగుల దూరం ఉంచండి, కరెంటు తీగల కింద అసలు వద్దు. కానుగ కిందినుంచే కొమ్మలేస్తుంది. లారీ దూరే ఎత్తు వచ్చేదాకా ఏటా కింది కొమ్మలు కోయాలి. ఆ కూలీ, రెండేళ్ల నీళ్ల ఖర్చు ముందే కాగితం మీద రాయించుకోండి. నోటిమాటకు డబ్బు రాలదు.

ఆకు రాలుతుందని యజమానికి నాటిన రోజే చెప్పండి. లేకపోతే ఫిబ్రవరిలో చెట్టు చచ్చిందని ఫోన్ చేస్తాడు, గొడ్డలి కూడా తెప్పిస్తాడు. రాలిన ఆకును తగలబెట్టనివ్వకండి, మంచి ఎరువు అవుతుంది. పెరిగిన చెట్టును కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. ఆ పని యజమానిదే అని కూడా కాగితంలో రాయించండి.