జేబు సంచి తిరగేసి చూడు

పెందుర్తి

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవించి రాసేది.

గాజువాకలో నీ ఇస్త్రీ బండికి బేరాలు బాగున్నాయని మీ అమ్మ చెప్పింది. ఆరిన బట్టలే ఇస్త్రీ చేసిచ్చినా బీరువాలో ముక్క వాసన కొట్టాయని ఒకాయన తిరిగి తెచ్చాడటగా. ఒరే, ఆ బట్టలు పైపైనే ఆరాయి.

చొక్కా వీపు మీద చెయ్యేసి చూస్తే ఎప్పుడూ ఆరినట్టే ఉంటుంది. అది ఒంటి పొర. కాలరు, గుండీపట్టీ, ప్యాంటు నడుంపట్టీ, జేబు సంచి, ఇలా పొరలు కలిసే చోట చెమ్మ దాక్కుంటుంది. జేబు సంచి బయటికి తిరగేసి, అడుగు కుట్టును రెండు వేళ్లతో నొక్కి పట్టుకో. పచ్చిగా ఉంటే చల్లగా తగులుతుంది. తడి ఆవిరవుతూ బట్టలో వేడిని లాగేసుకుంటుంది మరి. ఇస్త్రీ పెట్టె కాలి మొద్దుబారిన మన వేళ్లకి తెలీకపోతే చెంపకి ఆనించు. ఎండలోంచి తీసిన వెంటనే మాత్రం చూడకు. వేడి బట్ట తడి దాచేస్తుంది. నీడలో కాసేపు ఉంచి, వేడి చల్లారాక పట్టుకో.

మన వైపు ఎండ ఎంత మండినా సముద్రపు గాలిలో చెమ్మ పోదు. నేత మిల్లుల లెక్కలో, గాలిలో తేమ 65 శాతం ఉంటే 100 గ్రాముల పొడి నూలు 7, 8 గ్రాముల నీటిని పట్టుకునే ఉంటుంది. పాలిస్టరు అరగ్రాము కూడా పట్టదు. అందుకే ఒకే దండెం మీద పిల్లల పాలిస్టరు యూనిఫాం ఆరిపోయినా, స్టీల్‌ప్లాంటు వాళ్ల మందపాటి కాటన్ డ్యూటీ డ్రెస్సు పచ్చిగానే ఉంటుంది. సింహాచలం కొండ మీద మబ్బు కూర్చున్న రోజున దండేన్ని నమ్ముకోకు. ఫ్యాను కింద, బట్టకీ బట్టకీ బెత్తెడు ఎడం ఉంచి ఆరెయ్యి.

నీళ్లు జల్లకుండానే కాలరు మీద పెట్టె ఆనగానే ‘చుయ్’మని ఆవిరి లేచిందా, పచ్చి ఉన్నట్టే. ముడత లొంగడానికి కాస్త చెమ్మ మంచిదే గానీ, దాన్ని మడతలోకి పోనివ్వకూడదు. ఇస్త్రీ అయ్యాక హ్యాంగరుకి తగిలించి, ఆవిరి పోయాకే మడత పెట్టు.

ఆ ముక్క వాసనకి మోరాక్సెల్లా అనే సూక్ష్మజీవి ముఖ్య కారణమని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారు. బట్ట ఆరినా, ఎండ తగిలినా అది అంత తేలిగ్గా చావదట. చెమ్మ దొరికితే మళ్లీ పుంజుకుంటుంది. కాబట్టి తిరిగొచ్చిన ఆ బట్టల మీద సెంటు జల్లి సరిపెట్టకు. మళ్లీ ఉతికించి, ఆరేసి, డబ్బులు తీసుకోకుండా ఇచ్చెయ్.

ముసురు రోజుల్లో సాయంత్రానికి ఇస్తానని ఎవరికీ మాటివ్వకు, రేపు రమ్మను. ఒకరోజు ఆలస్యమైందని తిట్టినవాడు మళ్లీ నీ బండి దగ్గరికే వస్తాడు. కంపు చొక్కాతో ఆఫీసుకెళ్లి నలుగురిలో తలదించుకున్నవాడు రాడు.

ఆశీస్సులతో,
మీ మావయ్య