పారిభాషిక పదములు

క్రొత్త విద్యను అభ్యసింపబూనినవానికి మొదట ఎదురగునవి దాని పారిభాషిక పదములు. నేత నేర్చుకొనువాడు పడుగు, పేక, నాడె అను మాటలను వినును. మగ్గము చెంత కూర్చుండి కొన్నిదినములు పనిచేసిన పిమ్మట అవి వానికి సొంతమగును. కంప్యూటరుపై వెబ్ పుటలను తీర్చిదిద్దు విద్యయు ఇట్టిదే.

ఇందులకు ఉపయోగించు సాఫ్ట్‌వేరును తెరచినంతనే ట్యాగ్, ఫాంట్, మార్జిన్, ప్యాడింగ్ అను పదములు బారులుతీరి కనబడును. వీనిని చూచి ఒక బాలుడు ఈ విద్య తనకందదని వెనుదిరుగును. మరియొకడు నిర్వచనములను కంఠస్థము చేయును గాని పనివేళ తడబడును. ఇరువురును నష్టపోవుదురు.

వెబ్ వయస్సు స్వల్పము. టిమ్ బెర్నర్స్ లీ దానిని 1989లో సెర్న్ పరిశోధనశాలలో ప్రతిపాదించెను. అయినను దాని పదములు కొన్ని మిక్కిలి ప్రాచీనములు. పూర్వము అచ్చు అక్షరములను లోహము కరగించి పోతపోసెడివారు. ఫాంట్ అను మాట, కరగించుట అను అర్థముగల ఫ్రెంచి పదమునుండి పుట్టినది. పంక్తుల నడుమ ఎడము కలుగుటకు సీసపు పట్టెలను ఉంచెడివారు. ఆంగ్లమున లెడ్ అనగా సీసము; అందుచే ఆ ఎడమునకు నేటికిని లెడింగ్ అని పేరు. ట్యాగ్ అనగా వస్తువునకు కట్టు చీటి. ఇది శీర్షిక, ఇది పేరా అని బ్రౌజరునకు తెలుపునది అదియే.

మార్జిన్, ప్యాడింగ్ అనువాని భేదమును గ్రహించుటకు ఒక ఇంటిని తలపోయుడు. గోడ బార్డర్. గోడకును లోపలి సామానునకును నడుమగల ఖాళీ ప్యాడింగ్. గోడ వెలుపల పొరుగింటివరకు గల ఖాళీ మార్జిన్. అక్షరములు చుట్టుగీతకు తగులుచున్నపుడు ఈ భేదమెరుగనివాడు మార్జిన్‌ను పెంచుచుండును. పెట్టె యావత్తు దూరముగా జరుగునే గాని అక్షరములు గీతను విడువవు. వాడు సాఫ్ట్‌వేరును నిందించును. లోపము మాత్రము వానియందే కలదు.

కావున క్రొత్తపదము ఎదురైనపుడు విద్యార్థి అది దేనికి పేరో తెలిసికొనవలెను. పిదప దాని విలువను మార్చి తెరపై కలుగు మార్పును పరిశీలింపవలెను. తుదకు, చూచినదానిని తన మాటలలో నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. పదము ఆంగ్లమున ఉన్నను బాధలేదు. అర్థము తన భాషలో మనసున నాటుకొనవలెను. పనితో కలిసి వచ్చిన మాట మరపునకు రాదు.