చలిలో పరుగు

లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సు సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. శీతకాలంలో దాని ఉప్పునీరు సైతం గడ్డకడుతుంది. 2023 ఫిబ్రవరి 20న ఆ మంచుపై లుకుంగ్ నుండి మాన్ గ్రామం వరకు 21 కిలోమీటర్ల పరుగుపందెం జరిగింది.

పరుగెత్తేటప్పుడు కండరాలు వేడిని పుట్టిస్తాయి. కాని చెమటతో తడిసిన వస్త్రం ఆ వేడిని హరిస్తుంది. అందుచేత మందపాటి వస్త్రం ఒక్కదానికి బదులు పలుచని వస్త్రాలను పొరలుగా ధరించాలి. చలికి చర్మంలో రక్తప్రసరణ తగ్గుతుంది కనుక వేళ్లను, చెవులను కప్పుకోవాలి. పరుగు ముగియగానే తడిబట్టలు మార్చుకోవాలి.

నిర్వాహకులు ఆ పందేనికి ‘చివరి పరుగు’ అని పేరు పెట్టారు. భూమి వేడెక్కి సరస్సు గడ్డకట్టకపోతే ఆ దారే మిగలదన్నది వారి హెచ్చరిక. చలి నుండి దేహాన్ని కాపాడుకోవడం మానవుడు నేర్చాడు. ఆ చలిని కాపాడుకోవడం ఇంకా నేర్వవలసి ఉంది.