బంగారు గడియారాలు – పాదరసం ఎక్కడికి పోయింది?

పిల్లలూ! మీలో హైదరాబాదు వెళ్ళి సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారు ఉండే ఉంటారు. గంట గంటకూ ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు మీరు కూడా నిలబడి ఉంటారు. అది ఫ్రాన్సు దేశపు గడియారం కాదు. కాని అదే మ్యూజియంలోని గడియారాల గదిలో ఫ్రాన్సు గడియారాలు కూడా ఉన్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు వాటిముందు కాసేపు ఆగండి. వాటి గురించే ఈ పాఠం.

ఫ్రాన్సు చలి దేశం. అక్కడి పెద్ద ఇళ్ళలో గోడలోనే చలి కాచుకునే పొయ్యి కట్టేవారు. ఆ పొయ్యికి పైన ఒక పాలరాతి పలక ఉంటుంది. దానిమీద మధ్యలో ఒక గడియారం, దానికి అటూ ఇటూ రెండు దీపస్తంభాలు పెట్టడం వారి అలవాటు. పదిహేనవ లూయీ, పదహారవ లూయీ రాజుల కాలంలోను, ఆ తరువాత 1804లో చక్రవర్తి అయిన నెపోలియన్ కాలంలోను పారిస్ నగరంలో ఇలాంటి గడియారాలు విరివిగా తయారయ్యాయి. దేవతలు, పసిపిల్లలు, సింహాలు, రథాలు, పూలగుత్తులు – వీటి మధ్య ఎక్కడో ఒక చిన్న తెల్లని డయలు! నేటికీ వీటిని వెతికి కొని ఇంట్లో అలంకరించుకునే సేకర్తలు ఎన్నో దేశాల్లో ఉన్నారు.

ఒక్క గడియారం వెనుక ఎందరో పనివారు ఉండేవారు. యంత్రం చేసేవాడు ఒకడు, కంచు పోతపోసేవాడు ఒకడు, పోత బొమ్మకు ఉలితో నగిషీ చెక్కేవాడు ఇంకొకడు, చివరికి బంగారు పూత పూసేవాడు మరొకడు. డయలు మీద గడియారం చేసినవాడి పేరో, అమ్మినవాడి పేరో ఉంటుంది. బంగారు పూత పూసినవాడి పేరు మాత్రం సాధారణంగా కనిపించదు. మనం ఈ రోజు తెలుసుకోవలసింది అతని కథే.

నా ఉంగరం సంగతి

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. నేను ఉపాధ్యాయునిగా చేరిన కొత్తలో ఒకనాడు పిల్లలకు భారమితి ప్రయోగం చూపించాను. గాజు గొట్టంలో పాదరసం నింపి, వేలితో మూసి, గిన్నెలో బోర్లించాను. ప్రయోగం చక్కగా వచ్చింది. కాని వేలికి ఉన్న పెళ్ళి ఉంగరం తీయడం మరిచిపోయాను. సాయంత్రం చూస్తే ఉంగరం వెండిలా తెల్లబడి ఉంది! కంగారుపడి మా ఊరి కంసాలి ఆచారిగారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన చూసి, "మాస్టారూ, పాదరసం అంటుకుందండీ. నిప్పులో పెడితే పోతుంది" అని కుంపటిలో పెట్టి ఊదుగొట్టంతో ఊదారు. కాసేపటికి తెలుపు పోయింది. మెరుగు పెట్టాక ఉంగరం మళ్ళీ పచ్చగా మెరిసింది. ఇద్దరం కుంపటి మీదికి వంగి మరీ చూశాం.

పాదరసం పోయింది. నిజమే. కాని ఎక్కడికి పోయింది? సైన్సు చెప్పే నాకే ఆ ప్రశ్న ఇంటికి వచ్చి పడుకున్నాక గాని తట్టలేదు. అది గాలిలోకి పోయింది. అక్కడ ముక్కులు రెండే ఉన్నాయి – ఆచారిగారిది, నాది.

పూత ఎలా పూసేవారు?

ఫ్రాన్సు గడియారాల మీది బంగారు పూత సరిగ్గా ఈ పద్ధతిలోనే పూసేవారు. బంగారం 1064 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని కరగదు. కాని పాదరసంలో, ముఖ్యంగా వేడి పాదరసంలో, పంచదార నీళ్ళలో కరిగినట్లు కరిగిపోతుంది. ఇలా పాదరసంతో మరో లోహం కలిసిన మిశ్రమాన్ని అమాల్గం అంటారు. పలుచని బంగారు ముక్కలు ఒక పాలు, పాదరసం సుమారు ఎనిమిది పాళ్ళు కలిపి వేడి చేసేవారు. ఎక్కువైన పాదరసాన్ని తోలుగుడ్డలో పిండేసేవారు. వెన్నలాంటి ముద్ద మిగిలేది.

కంచు బొమ్మను శుభ్రంగా కడిగి, పాదరసపు నత్రిత ద్రావణం పూసి, దానిమీద ఈ ముద్దను కుంచెతో పట్టించేవారు. ఆపైన బొమ్మను బొగ్గుల పొయ్యి మీద తిప్పుతూ వేడి చేసేవారు. పాదరసం మరుగుస్థానం 357 డిగ్రీలు. కనుక అది ఆవిరై పోతుంది. బంగారం కంచును గట్టిగా పట్టుకుని మిగిలిపోతుంది. ఒక్కోసారి ఇలా రెండు మూడు పూతలు వేసేవారు. చివరికి కొన్ని భాగాలను నునుపైన రాతితో రుద్ది అద్దంలా మెరిపించేవారు. కొన్ని భాగాలను మెరుపు లేకుండా వదిలేసేవారు. ఇలాంటి పూతను సేకర్తలు 'ఆర్మొలూ' అంటారు. నూరిన బంగారం అనే అర్థం గల ఫ్రెంచి మాటల నుండి ఆ పేరు వచ్చింది.

పాదరసం ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. అందుకే అది మరింత ప్రమాదం. ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో చేరి మెదడును, నరాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పూత పనివారికి ముందు చేతులు వణికేవి. నోట చొంగ కారేది, చిగుళ్ళు వాచి పళ్ళు కదిలేవి. జ్ఞాపకశక్తి తగ్గేది. కుంచె పట్టలేని చేతికి కూలి ఎవరిస్తారు? ఎందరో ఆ పనిలోనే చిన్న వయసులో చనిపోయారు.

ఒక వ్యాపారి వీలునామా

పారిస్‌లో ఆంద్రే ఆంత్వాన్ రావ్రియో (1759–1814) అనే కంచు సామాన్ల వ్యాపారి ఉండేవాడు. నెపోలియన్ రాజభవనాలకు కూడా సామాన్లు అందించినవాడు. తన సంపదకు మూలమైన పని తన పనివారిని చంపుతోందని అతనికి తెలుసు. చనిపోతూ తన వీలునామాలో 3000 ఫ్రాంకులు కేటాయించాడు. పాదరసం ఆవిరి నుండి పూత పనివారిని కాపాడే ఉపాయం కనిపెట్టినవారికి ఆ సొమ్ము బహుమతి!

1818లో ఆ బహుమతిని దార్సే (1777–1844) అనే రసాయన శాస్త్రజ్ఞుడు గెలుచుకున్నాడు. అతను కొత్త రసాయనం ఏదీ కనిపెట్టలేదు. పొయ్యిని మార్చాడు, అంతే. పూత పొయ్యిపైన ఒక పొగగొట్టం కట్టి, ఆ గొట్టంలోని గాలిని వేడి చేయడానికి వేరే చిన్న పొయ్యి అమర్చాడు. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికై పైకి పోతుంది. ఆ ఖాళీ నింపడానికి గదిలోని చల్లని గాలి పనివాని వీపు వైపు నుండి గొట్టంలోకి లాగబడుతుంది. దానితోబాటు పాదరసం ఆవిరి కూడా పనివాని ముఖానికి తగలకుండా పోతుంది.

దీనిని మీరే పరీక్షించవచ్చు. ఒక రేకు బిస్కెట్ల డబ్బా మూతకు దూరంగా రెండు రంధ్రాలు చేయించండి. వాటిమీద రెండు లాంతరు చిమ్నీలు నిలబెట్టండి. ఒక రంధ్రం కింద, డబ్బాలో, పొట్టి కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టండి. రెండో చిమ్నీ పైన అగరువత్తి పట్టుకోండి. పొగ కిందికి దిగి, డబ్బాలోంచి నడిచి, కొవ్వొత్తి ఉన్న చిమ్నీలోంచి పైకి వస్తుంది! పెద్దవారిని దగ్గర పెట్టుకుని చేయండి. చిమ్నీలు చల్లారేవరకు ముట్టుకోకండి.

కాని ఇక్కడ కూడా నా పాత ప్రశ్న వేసి చూడండి. పొగగొట్టంలోంచి పోయిన పాదరసం ఎక్కడికి పోయింది? బయటి గాలిలోకి, ఇరుగుపొరుగు ఇళ్ళ మీదికి. పనివానికి గండం తగ్గింది గాని విషం మాయం కాలేదు.

విద్యుత్తు చేసిన మేలు

అసలు పాదరసమే అక్కరలేని పద్ధతి విద్యుత్తు వల్ల వచ్చింది. 1800లో వోల్టా ఘటమాలను తయారుచేశాడు. 1805లో ఇటలీకి చెందిన బ్రున్యతెల్లి దాని సహాయంతో వెండికి బంగారు పూత పూశాడు. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్‌లు ఈ పద్ధతిని వ్యాపారానికి పనికివచ్చేలా చేసి పేటెంటు పొందారు. 1842 నుండి పారిస్‌లో క్రిస్టోఫ్ల్ సంస్థ దీనిని చేపట్టింది. మీ పాఠ్యపుస్తకంలోని ఎలక్ట్రోప్లేటింగ్ ఇదే. పూత పూయవలసిన వస్తువు ఋణధ్రువం, బంగారు రేకు ధనధ్రువం. ఈ రెంటి మధ్య బంగారు లవణ ద్రావణం. మనం వాడే గిల్టు నగలు చాలా వరకు ఈ పద్ధతిలో తయారైనవే. అయితే ఆ ద్రావణంలో వాడే సైనైడు కూడా ఘోరమైన విషమే. కాబట్టి జాగ్రత్త అవసరం తీరిపోలేదు.

సేకర్త ఏమి చూస్తాడు?

పాత గడియారం కొనేవాడు పోలీసు డిటెక్టివులా ఉండాలి. బొమ్మ అడుగున పూత లేనిచోట చిన్న గీత పెడితే పచ్చగా ఉంటే కంచో ఇత్తడో, బూడిదరంగు తెలుపైతే తుత్తునాగపు చవక పోత. లోలకం పట్టు దారానికి వేలాడుతుంటే గడియారం బహుశా 19వ శతాబ్ది మధ్యభాగానికి ముందుది. సన్నని ఉక్కు పట్టీకి వేలాడితే ఆ తరువాతిది కావచ్చు, లేదా ఎవరో తరువాత మార్చి ఉండవచ్చు. యంత్రం వెనుక పలక మీద 1855 అని పతకం ముద్ర ఉంటే మోసపోకండి. అది ప్రదర్శనలో పతకం వచ్చిన సంవత్సరం, గడియారం తయారైన సంవత్సరం కాదు.

మరి పూత పాదరసానిదా, విద్యుత్తుదా? నిప్పులో ఎంత కాల్చినా కొంచెం పాదరసం పూతలో మిగిలిపోతుంది. మ్యూజియాలలో శాస్త్రజ్ఞులు ఎక్స్‌కిరణాలు ప్రసరింపజేసి, వస్తువును గీయకుండానే, ఆ మిగిలిన పాదరసాన్ని పట్టుకుంటారు. రెండు వందల ఏళ్ళ తరువాత కూడా అది అక్కడ సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. అందుకే ఇలాంటి వస్తువును వేడి చేయరాదు. చింతపండుతోను, ఇసుకపొడితోను తోమరాదు. మెత్తని పొడిగుడ్డ చాలు.

ఇది ఎప్పుడో ఫ్రాన్సులో ముగిసిన కథ అనుకుంటున్నారా? కాదు. నేటికీ ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆసియాలలో చిన్న చిన్న బంగారు గనుల దగ్గర పేదవారు ఖనిజంలోంచి బంగారాన్ని పాదరసంతో పట్టి, ఆ ముద్దను నిప్పు మీద కాలుస్తున్నారు. మనిషి చేసే పనులలో గాలిలోకి పాదరసాన్ని అన్నిటికంటే ఎక్కువగా వదిలేది ఇదే. దీనిని అరికట్టడానికి ప్రపంచ దేశాలు 2013లో మినమాటా ఒప్పందం చేసుకున్నాయి. అది 2017లో అమలులోకి వచ్చింది. భారతదేశం 2018లో దానిని ఆమోదించింది.

కాబట్టి బడిలో ధర్మామీటరు పగిలితే మెరిసే పూసలను అరచేతిలో ఆడించకండి. చీపురుతో ఊడ్వకండి. కిటికీలు తెరిచి, బయటికి వెళ్ళి, మాస్టారికి చెప్పండి. నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు.

ఆలోచించండి

1. పాదరసం 357 డిగ్రీల వద్ద మరుగుతుంది కదా! మరి గదిలో మామూలు వేడి దగ్గర కూడా దాని ఆవిరి ఎలా పుడుతుంది? (తడిబట్ట ఎలా ఆరుతుందో గుర్తు తెచ్చుకోండి.)

2. దార్సే పొగగొట్టంలో రెండో పొయ్యి లేకపోతే ఏమి జరిగేది?

3. మీ ఇంట్లో మెరిసే వస్తువు ఒకటి ఎన్నుకోండి. ఆ మెరుపు ఎలా వచ్చిందో, ఆ పనిలో పుట్టిన పొగ, నీరు, దుమ్ము ఎక్కడికి పోయాయో తెలుసుకుని మీ తరగతిలో చెప్పండి.