విప్పిన ఇంజన్‌తో నా దగ్గరికి రాకండి

ఈ మధ్య నా టేబుల్ మీదికి వస్తున్న వినియోగదారుల ఫైళ్లన్నిటిలో ఒకే వాక్యం కనిపిస్తోంది. "కస్టమర్ సరైన ఆయిల్ వాడనందున వారంటీ వర్తించదు." చాంద్రాయణగుట్ట ఆటో, సలాలా వైపు ఒక ఫంక్షన్ హాలు జనరేటరు, ఒక కుర్రాడి కొత్త బైకు. ఇంజన్ పట్టేస్తుంది, సర్వీస్ సెంటర్ ఆయిల్ మీద నెపం వేస్తుంది, మనవాళ్లు అక్కడ అరిచి గోల చేసి, అంతా అయ్యాక వకీలు దగ్గరికి వస్తారు. అప్పటికి ఇంజన్ ముక్కలు ముక్కలుగా ట్రేలో ఉంటుంది. ఉన్న ఆయిల్ ఎప్పుడో కాలవలో పోసేసి ఉంటారు. ఇక నేను వినియోగదారుల కమిషన్ ముందు దేన్ని చూపించాలి?

అందుకే ముందే చెబుతున్నాను. వారంటీలో ఉన్న ఇంజన్ ఆగిపోతే, ఆయిల్ నమూనా తీసి సీల్ వేసేదాకా దాన్ని ఎవరినీ విప్పనివ్వకండి. మీ మేస్త్రీనీ వద్దు, కంపెనీ మేస్త్రీనీ వద్దు.

తాజా కేసు పడవ మోటారుది. హైదరాబాద్ బార్కస్‌లో పడవ ఏమిటని నవ్వేవాళ్లు 2020 అక్టోబర్‌ను గుర్తుచేసుకోవాలి. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగినప్పుడు, పక్క బస్తీల జనం పడవ కోసం ఎదురుచూశారు. మా క్లయింటు చావుష్ భాయ్‌కి ఆ ఆలోచన అప్పుడే పుట్టిందట. తర్వాత కొన్నాళ్లకు గాలి నింపే రబ్బరు పడవ ఒకటి, దానికి వెనక బిగించే టూ స్ట్రోక్ మోటారు ఒకటి కొన్నాడు. నిమజ్జనం రోజుల్లోనూ, చెరువుల్లో గుర్రపుడెక్క తీయించే కాంట్రాక్టర్ల దగ్గరా తనే నడుపుతూ అద్దెకు తిప్పుతున్నాడు. ఆఫీసుకు వచ్చినప్పుడు వాళ్లమ్మ నా ముందే అతన్ని వాయించింది. "మీ తాత హద్రమౌత్ నుంచి సముద్రం దాటి నిజాం ఫౌజులో చేరడానికి వచ్చాడు. నువ్వు చెరువులో మోటారు పాడుచేసుకున్నావా?"

పాడుచేసింది అతనేనా అన్నదే కేసు.

ఇక్కడ కొంచెం మేస్త్రీ పని తెలియాలి, లేకపోతే న్యాయం అర్థం కాదు. పెట్రోలు బంకులో స్కూటర్లకు అమ్మే 2టీ ఆయిల్, పడవ మోటారుకు వాడే 2టీ ఆయిల్ ఒకటి కావు. స్కూటర్ ఇంజన్ గాలితో చల్లబడుతుంది, వేడిగా నడుస్తుంది. దాని ఆయిల్‌లో మడ్డి కడిగే లోహపు మందులు కలుపుతారు, అవి కాలితే బూడిద మిగులుతుంది. డబ్బా మీద జాసో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని ఉండేవి ఆ రకం. పడవ మోటారు చెరువు నీళ్లను పీల్చుకుని చల్లబడుతుంది. కాబట్టి తక్కువ వేడిలో, గంటల తరబడి ఒకే జోరులో నడుస్తుంది. దానికి బూడిద మిగలని ఆయిల్ కావాలి. అమెరికాలోని పడవల తయారీదారుల సంఘం ఎన్‌ఎంఎంఏ ధ్రువీకరించిన ఈ రకం డబ్బా మీద టీసీ-డబ్ల్యు3 అని ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ పడవ మోటార్లకు అదే సంఘానిది ఎఫ్‌సీ-డబ్ల్యు గుర్తు. స్కూటర్ ఆయిల్ పోస్తే బూడిద ప్లగ్గు మీద, పిస్టన్ తల మీద పేరుకుంటుంది, రింగులు ఇరుక్కుపోతాయి. ఒక్క రోజులో కాదు, మెల్లగా.

ఇక పాళ్లు. చాలా టూ స్ట్రోక్ పడవ మోటార్లకు 50:1, అంటే 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్లు. కొత్త ఇంజన్ అలవాటుపడే మొదటి గంటల్లో 25:1, అంటే 400. మీ మోటారు పుస్తకంలో ఏముంటే అదే లెక్క, నేను చెప్పినది కాదు.

మా భాయ్ ఏం వాడాడు? టీసీ-డబ్ల్యు3 వాడానంటాడు. డబ్బా ఏది అంటే కబాడీకి వేశానన్నాడు. బిల్లు ఏది అంటే దుకాణదారు చిట్టీ మీద రాసిచ్చిన అంకె చూపించాడు. నేను తల పట్టుకున్నాను. ఆయిల్ డబ్బా ఖాళీ అయినా పారేయకండి. దాని మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర ఉంటాయి. బ్యాచ్ నంబరు కూడా ఉంటే మరీ మంచిది. నోటితో పది సార్లు చెప్పేదాన్ని అది ఒక్కసారి చూపిస్తే చాలు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. దుకాణదారుకు ఆ మాట చెప్పండి. లూజ్ ఆయిల్ సంగతి నన్ను అడగనే వద్దు.

అసలు కథ సర్వీస్ సెంటర్‌లో జరిగింది. మోటారు వేడెక్కి ఆగిపోయిన రోజు, వెనక నుంచి సన్నగా పడాల్సిన నీళ్ల ధార పడలేదని భాయ్ తమ్ముడు గమనించాడు. ఆ ధార లేదంటే చల్లబరిచే నీళ్లు లోపలికి వెళ్లడం లేదని అర్థం. మన చెరువుల్లో పాలిథిన్ కవర్లు, గుర్రపుడెక్క నీళ్లు పీల్చే జాలీకి అడ్డుపడతాయి, లోపలి రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు విరిగిపోవడమూ ఉంది. కొత్త మోటారులో ఇంపెల్లర్ దానంతటదే విరిగితే అది కంపెనీ లోపం. జాలీకి కవరు అడ్డుపడితే నడిపినవాడి అజాగ్రత్త. స్కూటర్ ఆయిల్ వల్ల రింగులు ఇరుక్కుంటే వారంటీ షరతు కంపెనీ వైపు మాట్లాడుతుంది. మూడిట్లోనూ బయటికి కనిపించేది ఒకటే, పిస్టన్ పట్టేసింది. కారణం తేల్చగలిగేవి లోపలి బూడిద, ఇంపెల్లర్, ట్యాంకులో మిగిలిన పెట్రోలు. టూ స్ట్రోక్ మోటారులో ఆయిల్ అడుగున నిలవ ఉండదు, పెట్రోలులోనే కలిసి ఉంటుంది. కాబట్టి సాక్ష్యం ట్యాంకులో ఉంటుంది. ఆయిల్‌ను వేరే డబ్బా నుంచి పంపు లాక్కునే రకమైతే ఆ డబ్బాలో ఉంటుంది.

సర్వీస్ సెంటర్ ఏం చేసింది? ఇంగ్లిష్‌లో రాసిన జాబ్‌కార్డు మీద సంతకం తీసుకుంది. ఇంజన్ విప్పింది. పిస్టన్ తల శుభ్రంగా కడిగింది. ట్యాంకు ఖాళీ చేసింది. ఇంపెల్లర్ మార్చేసి పాతది పారేసింది. ఆ తర్వాత తీరిగ్గా ఆయిల్ తప్పని ఒక పేజీ రిపోర్టు ఇచ్చింది. భాయ్ సంతకం చేసిన కార్డులో "విప్పి పరీక్షించడానికి, పాత భాగాలను తీసివేయడానికి అంగీకరిస్తున్నాను" అని ఉంది. చదవలేదా అంటే "వాళ్లు పెట్టమన్న చోట పెట్టాను వకీల్ సాబ్" అన్నాడు. ఇంగ్లిష్ రాకపోతే చదివి చెప్పమనండి, సిగ్గేముంది?

విప్పనివ్వకండి అని ఎందుకు నెత్తీనోరూ కొట్టుకుంటున్నానంటే, వస్తువులో లోపం ఉందని నిరూపించాల్సింది మొదట ఫిర్యాదుదారే. మామూలు కంటికి తెలియని లోపమైతే, వినియోగదారుల చట్టం సెక్షన్ 38(2)(సి) ప్రకారం జిల్లా కమిషన్ నమూనా తెప్పించి, సీల్ వేసి, తగిన ల్యాబ్‌కు పంపాలి. 45 రోజుల్లో నివేదిక రావాలని చట్టం చెబుతుంది. గడువు పొడిగించే వీలూ ఉంది, పొడిగిస్తూనే ఉంటారు. కానీ పంపడానికి నమూనా ఉండాలి కదా. కడిగిన పిస్టన్‌ను ల్యాబ్‌కు పంపితే సబ్బు వాసన వస్తుందని రాస్తారు.

అటువైపు భారమూ ఉంది. వారంటీలోని మినహాయింపు షరతును వాడుకునేవాడే ఆ షరతుకు తగిన వాస్తవాన్ని నిరూపించాలి. బీమా పాలసీల విషయంలో సుప్రీంకోర్టు 2007లో ఈశర్‌దాస్ మదన్‌లాల్ కేసులో ఈ మాటే చెప్పింది. వారంటీకి కూడా అదే తర్కం వర్తిస్తుందని నేను వాదిస్తున్నాను. సాక్ష్యం తన చేతిలో ఉండీ దాన్ని మాయం చేసినవాడి మీద ప్రతికూలంగా ఊహించవచ్చన్న సూత్రం కొత్త సాక్ష్య అధినియమంలో సెక్షన్ 119 కింద ఉంది, పాత చట్టంలో 114. కమిషన్‌కు సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించకపోయినా సూత్రం పనికొస్తుంది. ఇప్పుడు నా కేసు మొత్తం ఈ ఒక్క కొమ్మ పట్టుకుని వేలాడుతోంది. ట్యాంకు నుంచి తీసిన ఒక సీసా ఉంటే ఇంత అవస్థ ఉండేదా?

కాబట్టి మోటారు ఇచ్చేటప్పుడే జాబ్‌కార్డు మీద, లేదా విడి కాగితం మీద, ఈ నాలుగు మాటలు రాసి రసీదు తీసుకోండి. "ఈ ఇంజన్ వారంటీలో ఉంది. నా సమక్షంలో తప్ప విప్పవద్దు. విప్పే ముందు ట్యాంకులోని ఇంధనం, ఉంటే ఆయిల్ కూడా, రెండు సీసాల్లో తీసి ఇద్దరి సంతకాలతో సీల్ వేయాలి. తీసిన ఏ భాగాన్నీ కడగవద్దు, పారవేయవద్దు." తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా చెల్లుతుంది. వాళ్లు తీసుకోము అంటే అదే మాట ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులో పంపండి. సీసా గాజుదో లోహందో కావాలి, ప్లాస్టిక్ వద్దు. మూతకు లక్క పోయించండి. ఒక్కరే తీసిన నమూనాకు విలువ తక్కువ, "ఇంటికెళ్లి మార్చాడు" అంటారు. మీ సీసాను వంటింట్లో పొయ్యి పక్కన పెట్టి నాకు ఇంకో కేసు తేకండి.

ఫోన్‌లో వీడియో తీస్తే మంచిదే. కానీ ఆ ఫోన్‌ను అమ్మేయకండి. అవతలి వకీలు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ అడుగుతాడు.

కంపెనీ ఒప్పుకోకుండా విప్పుతానని బెదిరిస్తే? అప్పుడే ఫిర్యాదు వేసి, వినియోగదారుల చట్టం సెక్షన్ 38(8) కింద ఇంజన్‌ను ఉన్నదున్నట్లుగా ఉంచమని మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. 5 లక్షల రూపాయల వరకూ కొన్న వస్తువుకు ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కాగితం మీద "ముంబై కోర్టులు మాత్రమే" అని అచ్చేసుకున్నా సరే. బార్కస్ వాళ్లది హైదరాబాద్ జిల్లా. షాహీన్‌నగర్ వాళ్లది రంగారెడ్డి, ఇది మర్చిపోయి ఫైలు వెనక్కి తెచ్చుకున్నవాళ్లున్నారు.

"అద్దెకు తిప్పుతావు, వినియోగదారుడివే కాదు" అన్న వాదన ఈ కేసులో మొదటి రోజే వచ్చింది. సెక్షన్ 2(7) వివరణ ప్రకారం, బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా తనే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. 1995 నాటి లక్ష్మీ ఇంజినీరింగ్ తీర్పులో, ఆటో కొని తనే నడుపుకునేవాడు వినియోగదారుడని, పూర్తిగా ఇంకొకడితో నడిపించేవాడు కాదని సుప్రీంకోర్టు ఉదాహరణతో చెప్పింది. వాణిజ్య ప్రయోజనం అన్నది నిరూపించాల్సింది ఆ మాట అనేవాడేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో తేల్చింది. మా భాయ్ పడవ తనే నడుపుతాడు, తమ్ముడు సాయం పడతాడు. సరే. కానీ మోటారు బిల్లు మాత్రం జీఎస్‌టీ నంబరుతో ఏదో సంస్థ పేరున రాయించుకున్నాడు, పన్ను వెనక్కి వస్తుందని ఎవరో చెప్పారట. ఆ ఒక్క కాగితం నాకు రెండు వాయిదాలు తిన్నది.

ఇంకొకటి. "మా బ్రాండ్ ఆయిలే వాడాలి, లేకుంటే వారంటీ లేదు" అన్న షరతు చూసి భయపడకండి. రకం ఏదో చెప్పడం వేరు, బ్రాండ్ కట్టబెట్టడం వేరు. టీసీ-డబ్ల్యు3 వాడమనడం న్యాయం. ఆ గుర్తు ఉన్న వేరే కంపెనీ డబ్బా వాడినందుకు వారంటీ కొట్టేస్తే, సెక్షన్ 2(41) కింద నిర్బంధ వ్యాపార పద్ధతిగా సవాలు చేయవచ్చు. కార్ల కంపెనీల మీద 2014లో కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు, బయటి మెకానిక్ దగ్గర బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయడాన్ని తప్పుపట్టింది. అది కార్ల గురించే, అప్పీళ్లు కూడా నడిచాయి, కానీ వాదనకు బలం. మా వృత్తిలోని కొందరు ఈ నోటీసుల్లో "ప్రొడక్ట్ లయబిలిటీ" అని గుడ్డిగా రాసేస్తున్నారు. సెక్షన్ 2(22) చూడండి. వస్తువుకే జరిగిన నష్టం ఆ అధ్యాయంలో "హాని" కాదు. లోపం, సేవాలోపం అని వేయాలి.

డబ్బాలో నకిలీ ఆయిల్ ఉందని తేలితే దారి వేరు. నకిలీ ట్రేడ్‌మార్కు సరుకు అమ్మడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు పడే నేరం. కానీ స్టేషన్‌కు వెళితే ఎస్సై చేతులెత్తేస్తాడు. సెక్షన్ 115 ప్రకారం వారెంటు లేకుండా సోదా చేసే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారిదే, అది కూడా రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకున్నాకే. అందువల్ల ఏసీపీకి రాతపూర్వకంగా ఇవ్వండి, బ్రాండ్ యజమాని కంపెనీకి కాపీ పంపండి. వాళ్ల మార్కు పరువు పోతుంది కాబట్టి పోలీసుల కంటే వాళ్లే తొందరగా కదులుతారు.

మా భాయ్ కేసులో ఇప్పుడు పాత ఇంపెల్లర్‌ను కమిషన్ ముందు పెట్టమని వినియోగదారుల చట్టం సెక్షన్ 38(9) కింద అర్జీ వేశాం. పారేశామని కంపెనీ రాతపూర్వకంగా చెబితే ఆ మాటే నాకు చాలు. వారంటీ కింద ఉచితంగా మార్చిన పాత భాగం మాదేనని వాళ్ల షరతు. వారంటీ లేదని చెప్పి డబ్బు తీసుకుని మార్చినప్పుడు పాతది ఎవరిది? వచ్చే వాయిదాకు దీనికి జవాబు కావాలని కమిషన్ అడిగింది. ఈలోగా ఇలాంటి మోటార్లు, ఆటోలు సర్వీస్ సెంటర్లో పెట్టి ఉన్నవాళ్లు ఇవాళే ఆ నాలుగు మాటల కాగితం ఇచ్చి రండి. విప్పడం మొదలుపెట్టి ఉంటే అక్కడితో ఆపించండి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, ట్యాంకులోని పెట్రోలుకు అంత ఓపిక లేదు. ల్యాబ్ పరీక్ష ఖర్చు సెక్షన్ 38(2)(డి) కింద ముందు మీరే కట్టాలి, ఆ డబ్బు చేతిలో పెట్టుకుని రండి.