బల్లకు ఇవతలి వైపు నుంచి



ఉస్మానియాలో ఎంఏ ప్రభుత్వ పాలనలో చేరావని తెలిసి సంతోషించాను. మొదటి సెమిస్టరులోనే టేలర్, ఫేయోల్, వెబర్ అంటూ పేర్లన్నీ మీద పడుతున్నాయని, ఎవరేం చెప్పారో బట్టీ పట్టడం తప్ప దారి తోచడం లేదని రాశావు. నీతో చేరినవాళ్లలో చాలామంది ఇది గ్రూప్స్‌కి పనికొస్తుందనే చేరారని కూడా రాశావు. గ్రూప్స్ రాయి, తప్పకుండా రాయి. కానీ ఈ రెండేళ్లనూ ఆ పరీక్ష కోసమే ఖర్చు చేస్తే ఒక గొప్ప చదువు చేజారిపోతుంది. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి తహసీల్దారుగా రిటైరైన వాణ్ని. ఆఫీసు బల్ల వెనుక కూర్చుని తెలుసుకున్నది చెబుతాను.

ప్రతి సిద్ధాంతం వెనుకా ఒక గోడు ఉంటుంది. ముందు దాన్ని వెతుకు. ఉడ్రో విల్సన్ 1887లో రాసిన వ్యాసంతో ఈ శాస్త్రం మొదలైందని మీ నోట్సులో ఉంటుంది. అంతకు ముందు ఏం జరిగిందో చూశావా? అమెరికాలో గెలిచిన పార్టీ సర్కారీ కొలువులను తనవాళ్లకు పంచిపెట్టేది. 1881లో, కొలువు ఇవ్వలేదన్న కక్షతో ఒకడు అధ్యక్షుడు గార్ఫీల్డ్‌నే కాల్చాడు. 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, కొన్ని ఉద్యోగాలనైనా ప్రతిభ చూసి ఇవ్వడం మొదలైంది. రాజకీయం వేరు, పాలన వేరు అని విల్సన్ గీత గీసింది ఆ వేడిలోనే. ఇది తెలిశాక ఆ గీతను బట్టీ పట్టక్కర్లేదు. మన మండలాల్లో అది ఎందుకు నిలవదో కూడా నువ్వే చెప్పగలవు.

వెబర్ దగ్గర మాత్రం తొందరపడకు. పదవి అధికారి సొంత ఆస్తి కాదు, ఆఫీసు వేరు, ఇల్లు వేరు, కాగితం ఆఫీసుది అంటాడాయన. తరగతిలో వింటే ఇందులో ఏముంది, అందరికీ తెలిసిందేగా అనిపిస్తుంది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పెద్దవాళ్లనెవరినైనా పట్వారీల కాలం గురించి అడుగు. మన తెలంగాణలో పట్వారీ, మాలీ పటేల్, పోలీసు పటేల్ పదవులు వంశపారంపర్యంగా నడిచేవి. ఊరి భూముల రికార్డులైన పహాణీలు పట్వారీ ఇంట్లో, గుడ్డలో కట్టిన మూటల్లో ఉండేవి. నకలు కావాలంటే రైతు ఆ ఇంటి వాకిట్లో నిలబడాలి. ఎప్పుడిస్తాడో, అందులో ఏం రాసి ఉంటుందో ఆయన దయ. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో ఆ పదవులను రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఏడాదే తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. వెబర్ చనిపోయాక 1922లో అచ్చైన పుస్తకంలోని మాట మన రైతు అనుభవంలోకి వచ్చింది అప్పుడే.

కథ అక్కడితో ఆగలేదు. 2020లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థను తీసేశారు. 2025లో గ్రామ పాలన అధికారుల పేరుతో మళ్లీ ఊరికి మనుషుల్ని పంపారు. పోస్టును ఒక్క చట్టంతో రద్దు చేయొచ్చు. మరి ఆ పనులు ఎక్కడికి పోతాయి? హద్దుల తగాదా, సర్టిఫికెట్ కోసం విచారణ, వరదొస్తే నష్టం రాసుకోవడం, ఇవన్నీ ఆ మధ్య కాలంలో ఎవరి నెత్తిన పడ్డాయి? దీని మీద నువ్వు నాలుగు ఊళ్లు తిరిగి రాస్తే ఏ గైడు పుస్తకంలోనూ దొరకని జవాబు దొరుకుతుంది.

టేలర్‌ను, గులిక్‌ను పరీక్షకు సరిపడా చదువుకో చాలు. మేరీ పార్కర్ ఫాలెట్‌ను మాత్రం వదలకు. తన అనుభవమే ఒకటి చెబుతుంది ఆమె. హార్వర్డ్ లైబ్రరీలో ఒక చిన్న గదిలో ఒకాయన కిటికీ తెరవాలంటాడు, ఈమె మూయాలంటుంది. చివరికి ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది గాలి, అది వచ్చింది. ఈమెకు వద్దనిపించింది నేరుగా మీద కొట్టే ఉత్తరపు గాలి, అది తప్పింది. ఎవరూ సగం వదులుకోలేదు. బాట కోసం కొట్లాడే అన్నదమ్ములు నా ముందుకు ఎందరో వచ్చారు. హక్కు ఎవరిదని అడిగితే గొంతులు లేచేవి. నాట్లప్పుడు ట్రాక్టరు ఎటు నుంచి పోవాలని అడిగితే ఇద్దరూ నక్షా మీదకు వంగేవారు. ఫాలెట్ చెప్పింది అదే.

నా మటుకు నాకు ఈ చదువుకు గుండెకాయ మైకేల్ లిప్‌స్కీ. 1980లో వచ్చిన ఆయన పుస్తకం చెప్పేదేమిటంటే, కింది స్థాయి ఉద్యోగి రోజూ తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలే జనం వరకు వచ్చేసరికి ప్రభుత్వ విధానం అవుతాయని. పింఛను కాగితం పట్టుకుని నిలబడ్డ అవ్వకు సెక్రటేరియట్ తెలియదు, కేబినెట్ తెలియదు. ‘రేపు రా’ అన్న మనిషే ఆమెకు సర్కారు. అలా అని ఆ మనిషిని దుర్మార్గుడిగా చూడొద్దు. రెండు మూడు సీట్ల పని ఒక్కడి మీద ఉన్నప్పుడు ఏ కాగితం ముందు తీయాలో, దేన్ని ఆపాలో అతనే ఏదో ఒక పద్ధతి పెట్టుకుంటాడు. ఆ పద్ధతిలో ఎవరు వెనకబడిపోతున్నారో చూడటం నీ పని.

అందుకు కాగితం చదవడం నేర్చుకోవాలి. జీవో దొరికితే ముందు పైనున్న రిఫరెన్సులు చూడు. వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి పట్టుకుంటూ పోతే ఆ నిర్ణయం ఎక్కడ మొదలైందో, ఎవరు అడిగితే కదిలిందో తెలుస్తుంది. ఫైల్లో కరెంటు ఫైలు వేరు, నోటు ఫైలు వేరు. వచ్చిన కాగితాలు, పోయిన కాగితాలు మొదటి దాంట్లో ఉంటాయి. ఎవరు ఏమనుకుని ఏం రాశారన్నది రెండో దాంట్లో ఉంటుంది. పాలన జరిగేది అక్కడే. పని ముగిశాక ఫైలు మీద పడే ముద్రకు కూడా అర్థం ఉంది. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా దాచాలి, ఎల్.డిస్ అంటే ఏడాది దాటాక తీసేయొచ్చు. ఒక పేదవాడి అర్జీ ఎల్.డిస్‌గా ముగిసిందంటే, తర్వాత అతను తిరిగొచ్చి అడిగినా చూపించడానికి కాగితం ఉండదు. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చింది, తెర మారింది, లోపలి నడక మాత్రం ఇదే.

ఒక సోమవారం ఏదైనా కలెక్టరేటులో జనం అర్జీలిచ్చే ప్రజావాణికి వెళ్లి పొద్దుటి నుంచి కూర్చో. కలెక్టరు ఏం చెప్పారన్నది పత్రికల్లో వస్తుంది. నువ్వు అర్జీ రాసిచ్చే మనిషి దగ్గర నిలబడు. చెప్పేవాడి నోట్లోంచి వచ్చిన కష్టం కాగితం మీదకు ఎక్కేసరికి ఎంత కుదించుకుపోతుందో గమనించు.

జవాబుదారీతనం పేపరు వచ్చినప్పుడు నిర్వచనాలతో మొదలుపెట్టకు, సామాజిక తనిఖీతో మొదలుపెట్టు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పనుల తనిఖీని ఊరివాళ్ల చేతికే ఇచ్చి, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థను పెట్టింది. శిక్షణ పొందిన ఊరి యువకులు మస్టరు రోల్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నువ్వు వెళ్లావా అని అడిగేవారు. సంతకాలు కూడా రాని మనిషి పదిమందిలో లేచి, ఆ రోజు నేను పనికే పోలేదయ్యా అని చెప్పడం ఉంది చూడు, అంతకు మించిన ఆడిట్ లేదు.

1968లో డ్వైట్ వాల్డో చొరవతో మిన్నోబ్రూక్‌లో యువ పండితులు కూడి, పాలనకు సమన్యాయం ముఖ్యమన్నారని చదువుతావు. ఆ మాట మన దగ్గర ఎలా ఉంటుందో తెలియాలంటే ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గురించి చదువు. సాంఘిక సంక్షేమ శాఖలో ఉండగా వెట్టి కూలీల విడుదలకు ఆయన పట్టుబట్టారు. దళితవాడలకు తానే నడిచి వెళ్లేవారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. అధికారి తటస్థంగా ఉండాలన్న వాదన వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య ఎటూ మొగ్గకుండా ఉండటం కూడా ఒక వైపు మొగ్గడమే.

పుస్తకాల సంగతి. రవీంద్రప్రసాద్, వి.ఎస్. ప్రసాద్, సత్యనారాయణ గార్ల ‘అడ్మినిస్ట్రేటివ్ థింకర్స్’ కొనుక్కో. ఇంగ్లిష్ కష్టంగా ఉంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పుస్తకాలు ముందు చదివి, తర్వాత దాని మీదకు వెళ్లు. రెండో పరిపాలన సంస్కరణల సంఘం ఇచ్చిన 15 నివేదికల్లో సమాచార హక్కు మీదది, స్థానిక పాలన మీదది తప్పక చూడు. ఈ డిగ్రీతోనే ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకు. నెట్ రాయాలి, లేదా పోటీ పరీక్షలు రాయాలి, లేదా క్షేత్ర పరిశోధన చేతనవ్వాలి. మూడోది చేతనైతే మొదటి రెండింటికీ బలం వస్తుంది.

డిసర్టేషనుకు ‘తెలంగాణలో సుపరిపాలన’ వంటి పెద్ద పేరు పెట్టకు. ఒకే మండలం, ఒకే సేవ తీసుకో. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అయితే మంచిది. ఇరవై దరఖాస్తులు ఎంచుకుని, ఏ తేదీన వచ్చింది, ఎవరి దగ్గర ఎన్నాళ్లుంది, ఏ కారణంతో వెనక్కి పోయిందీ రాసుకో. ఆఫీసువాళ్లు వివరాలు ఇవ్వబోమంటే సమాచార హక్కు కింద అడుగు. మండల ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తు చేసినవాళ్లతో వాళ్ల ఇళ్ల దగ్గర మాట్లాడు, ఆఫీసు వరండాలో వద్దు. అసిస్టెంటుతో మధ్యాహ్నం మూడు దాటాక మాట్లాడు, అప్పటికి జనం పలచబడతారు. పేర్లు రాయకు.

ప్రశ్నావళి తయారయ్యాక మీ గైడుకు ఇచ్చే ముందు నాకో కాపీ పంపు. ఏ జవాబుకు ఆఫీసులో ఏ రిజిస్టరు చూడాలో పక్కన రాసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న